మూడు పిలుపులకీ పలకని మనిషి

ఆర్వో నిస్కనెన్ తాళం కప్పని కోసింది నేనే. కోసే ముందు ఆయన గోతిలో ఉన్నాడో లేడో దిగి చూడాల్సింది కూడా నేనే. నేను చూడలేదు. చూశానని సంతకం పెట్టాను.

తర్వాత ఆయన మీద రిపోర్టు రాసిందీ నేనే. "మూడుసార్లు పేరు పెట్టి పిలిచినా, హారన్ మోగినా ఉద్దేశపూర్వకంగా స్పందించలేదు" అని రాశాను. ఆ "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట నన్నెవరూ రాయమనలేదు. పెద్ద మాటలు నాకూ వచ్చని చూపించుకోవాలనిపించింది, రాశాను. అంతకుమించి దానికి కారణం లేదు.

మా ఊరు గల్ నారోస్‌లో సరస్సు, సామిల్లు, స్కేటింగ్ మైదానం తప్ప మనిషిని పట్టి ఉంచేవి ఇంకేం లేవు. నేను పదో తరగతితో బడి మానేసి మిల్లులో చేరాను. మిగతా చదువు లైబ్రరీ పుస్తకాలతో నేనే పూర్తి చేసుకున్నానని అనుకునేవాణ్ణి. తిండి గదిలో అందరూ హాకీ గురించి అరుచుకుంటుంటే మూల కూర్చుని చదువుకునేవాణ్ణి. అందుకని నా పేరు రెమీ అయినా అందరికీ నేను "ప్రొఫెసర్". షిఫ్టుకి యూనియన్ తరఫున భద్రతా ప్రతినిధి కావాలంటే ఎవరూ ముందుకు రాలేదు. రూల్స్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా నెత్తిన పెట్టారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు.

మా మిల్లులో ఎవరైనా యంత్రం లోపలికి దిగాలంటే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం కప్ప వెయ్యాలి. ఎర్ర కప్ప, దాని మీద పేరు, తాళం చెవి జేబులో. ఐదుగురు దిగితే ఐదు కప్పలు. ఎవరిది వాళ్ళే తియ్యాలి. ఆఖరి కప్ప తీసేదాకా మేనేజరొచ్చినా స్విచ్ వెయ్యలేడు.

తియ్యడం మర్చిపోయి ఎవడైనా ఇంటికెళ్ళిపోతే మిల్లంతా ఆగిపోతుంది. అప్పుడు ఫోర్‌మన్ మైకులో మూడుసార్లు పిలవాలి. ఇంటికి ఫోన్ చెయ్యాలి. ఫోర్‌మనూ భద్రతా ప్రతినిధీ యంత్రం లోపలా చుట్టూ చూసి, మనిషి లేడని ఇద్దరూ సంతకం పెట్టాలి. అప్పుడు కప్ప కొయ్యాలి. కోసిన కప్పని తిండి గదిలో ఒక చెక్కకి మేకు కొట్టి వేలాడదీస్తారు. కప్ప ఎవరిదైతే వాడు శుక్రవారం అందరికీ డోనట్లు తేవాలి. ఇది రూల్స్ పుస్తకంలో లేదు కానీ రూల్స్ కన్నా గట్టిగా నడిచేది.

ఆ చెక్క మీద పధ్నాలుగు కప్పలుండేవి. అందులో పదకొండు ఆర్వోవి.

ఆర్వో మా రంపాల మనిషి. అరవై దాటాడు. వాళ్ళ తాత ఫిన్లండ్ నుంచి అడవి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా పెద్ద రంపమంటే నలభై అడుగుల ఉక్కు పట్టీ, ఒక అంచున పళ్ళు; రెండు పెద్ద చక్రాల మీద బెల్టులా తిరుగుతుంది. ఒక షిఫ్టు దుంగలు కోసిందంటే ఎక్కడో ఒకచోట ఉబ్బుతుంది. దాన్ని పై అంతస్తులో ఆర్వో గదికి ఎక్కిస్తే, ఆయన బల్ల మీద పరిచి, ఉక్కు బద్ద ఆనించి, బద్ద కింద నుంచి దూరే వెలుగు చూసి, ఎత్తున్న చోట సుత్తితో ఒక దెబ్బ వేస్తాడు. మళ్ళీ బద్ద, మళ్ళీ వెలుగు, మళ్ళీ ఒక దెబ్బ. వెంట్రుకలో నాలుగో వంతు ఎత్తుని కూడా బొటనవేలితో పట్టేస్తాడు. అలా మొదలుపెడితే ఆయనకి లోకం ఉండదు. బల్ల మీద ఒక కప్పు పక్కన ఇంకో కప్పు, చల్లారిపోయిన కాఫీలు నాలుగైదు ఉండేవి. పెళ్ళాం కారినా కట్టిచ్చిన రొట్టె మర్నాడు కూడా ఆ డబ్బాలోనే ఉండేది.

ఆ మనిషే ట్రక్కు ఇంజను ఆపకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బయట వదిలేసేవాడు. యూనియన్ మీటింగు రోజు మర్చిపోయేవాడు. డోనట్ల శుక్రవారం కూడా మర్చిపోయేవాడు. పదిరోజుల తర్వాత ఏ మంగళవారమో గుర్తొచ్చి, సిగ్గుపడి, నాలుగు డబ్బాలు తెచ్చి గుమ్మంలో పెట్టి పారిపోయేవాడు.

మావాళ్ళు ఆయన వెనక నిలబడి పందాలు కాసేవాళ్ళు. "చూడు, ఇప్పుడు తిరుగుతాడు." "తిరగడు, పందెం." ఒకడు ఆయన టోపీ మీద రంపపు పొట్టు పోసేవాడు. ఇంకొకడు బూట్ల తాళ్ళు బల్ల కాళ్ళకి కట్టేవాడు. కారినా గురించి అనకూడని మాటలు ఆయన వీపు వెనక మామూలు గొంతుతో అనేవాళ్ళు, వినపడుతుందో లేదో చూడ్డానికి. నేనూ ఒకసారి అన్నాను. ఆయన తిరగలేదు. సుత్తి ఒక దెబ్బ వేసి, బద్ద ఆనించి, వెలుగు చూసుకున్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

"పొగరు" అనేవాడు గార్త్, మా ఫోర్‌మన్. "ఇందులో రోగమూ రొష్టూ ఏం లేదు. అంత సన్నటి ఎత్తుని పట్టుకునేవాడికి శ్రద్ధ లేదంటే ఎవడు నమ్ముతాడు? శ్రద్ధ బోలెడుంది. మన మీద లేదు, అంతే."

ఇది మా అందరికీ నచ్చిన మాట. ఎందుకంటే జవాబు లేని మాట.

కారినా కూడా ఇంచుమించు అదే నమ్మింది. ఆమె బడిలో వంట చేసేది. మిల్లు పిక్నిక్‌లో నా పక్కన కూర్చుని, సరస్సు ఒడ్డున మోకాళ్ళ మీద వంగి ఎవరిదో గాలం చక్రం విప్పుతున్న మొగుణ్ణి చూపించి అంది: "పెళ్ళయిన కొత్తలో పిలిచేదాన్ని. తర్వాత అరిచేదాన్ని. ఇప్పుడు వెళ్ళి భుజం మీద చెయ్యేసి లేపుకొస్తాను, మూడేళ్ళ పిల్లాణ్ణి లేపినట్టు. చెయ్యేస్తే వస్తాడు. నోటితో పిలిస్తే రాడు. మరి చెవులున్నది దేనికి?"

"మీ మాటంటే లెక్కలేదేమో" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "నాకూ అదే అనిపిస్తుంది" అంది.

ఆ అక్టోబరులో మా రంపాలు వరసగా పగిలిపోయాయి. వారానికి రెండు. పళ్ళ మొదట్లో సన్నటి పగుళ్ళు. మేనేజరు పైకెక్కి ఆర్వో మీద పడ్డాడు, నీకు వయసైపోయింది, సుత్తి చెయ్యి పోయింది అని. ఆర్వో ఒక్క మాటన్నా ఎదురు చెప్పలేదు. ఆ మౌనం కూడా పొగరు లెక్కలోకే పోయింది.

నెలకోసారి మరమ్మతుల రోజు ఉండేది. ఆ రోజు మిల్లంతా ఆపేసి తలా ఒక యంత్రంలో దూరతాం. పొద్దున్న పదింటికి ఆర్వో కూడా పెద్ద రంపం మెయిన్ స్విచ్‌కి తన కప్ప వేసి, టార్చి, ఉక్కు బద్ద తీసుకుని కింది చక్రం ఉన్న గోతిలోకి దిగాడు. పగుళ్ళు రంపంలో లేవు, చక్రంలో ఏదో ఉందని ఆయనకి అనుమానం. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరు విని ఉండేవాళ్ళు?

మధ్యాహ్నం రెండూ ఇరవైకి మిగతా వాళ్ళందరూ పని ముగించి కప్పలు తీసేసుకున్నారు. ఒక్కటి మిగిలింది. ఎర్రగా, ఒంటరిగా.

గార్త్ స్విచ్ దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ప్రొఫెసరూ, ఇలా రా. చదువుకున్నవాడివి. దీని మీద పేరేమిటో చదివి పెట్టు."

"చదవక్కర్లేదు" అన్నాను.

"ఈసారి జామ్ ఉన్నవి తెమ్మను. పోయినసారి అన్నీ వట్టివే తెచ్చాడు ముసలాడు."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. గార్త్ మైకు తీసుకుని, "ఆర్వో నిస్కనెన్, మెయిన్ స్విచ్ దగ్గరికి రా" అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారి సాగదీసి, పాటలా. ఇంటికి ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. నేను కిటికీలోంచి చూశాను. ఆర్వో ట్రక్కు లేదు.

"ట్రక్కు లేదు" అన్నాను.

"అయితే ఇంటికి చెక్కేశాడు. సరే, రూలు రూలే. నువ్వు గోతిలో చూసిరా, నేను పైనంతా చూస్తాను."

ఆ రోజు కారినా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ట్రక్కు తీసుకెళ్ళింది. అది మాకు తెలీదు. తెలుసుకోవాలని అడగనూ లేదు.

గోతిలోకి పన్నెండు ఇనప మెట్లు. తడి పొట్టు, గ్రీజు. కింద మలుపు తిరిగితే గాని చక్రం కనపడదు. నేను పై మెట్టు ముందు నిలబడ్డాను. రెండున్నరకి కాఫీ. నా కోటు జేబులో పుస్తకం, ఇంకో పదకొండు పేజీలున్నాయి. "ఆర్వో!" అని ఒక కేక వేశాను. జవాబు లేదు. ఆయన జవాబు చెప్పడని మిల్లులో అందరికన్నా నాకే బాగా తెలుసు. జవాబు రాకపోతే మనిషి లేడని అర్థం కాదని కూడా ఆ లెక్కన తెలిసుండాలి. నేను వెనక్కొచ్చాను.

"లేడు."

"చూశావా?"

"చూశాను."

సంతకం పెట్టాను. పొడుగు చేతుల కట్టర్ నాకే ఇచ్చారు. కప్ప గట్టిది, ఒళ్ళంతా వేసి నొక్కాను. టక్కుమని తెగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. రంపం ఎక్కించే ముందు చక్రాన్ని ఒకసారి ఖాళీగా తిప్పి చూస్తారు. పది సెకన్లు హారన్ మోగింది. గార్త్ స్విచ్ వేశాడు.

చక్రం ఒక చుట్టు కూడా తిరగలేదు. గోతి పైన, మెట్ల దగ్గర పొట్టు ఊడుస్తున్న లైల్ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. స్విచ్ ఆపారు.

ఎడమ చేతికి మూడు వేళ్ళు పోయాయి. ఆయన్ని పైకి తెచ్చినప్పుడు మొహం తెల్లగా పాలిపోయి ఉంది. గార్త్ వైపు చూసి, ఏదో ముఖ్యమైన కబురు ఆలస్యమైపోతుందన్నట్టు, "చక్రంలో గుంట ఉంది" అన్నాడు. "ముందు అంచు నుంచి జానెడు లోపల. పగుళ్ళు దానివల్లే." అని స్పృహ తప్పాడు.

నాలుగు గంటలకు పైగా ఆయన ఆ గోతిలో ఆ గుంటనే వెతుకుతున్నాడు. మేం పిలిచినప్పుడు సరిగ్గా దాని మీదే వేలు పెట్టి ఉన్నాడు.

రెండు వారాల తర్వాత ఆఫీసులో విచారణ. ఆర్వో చేతికి కట్టుతో కుర్చీ అంచున కూర్చున్నాడు. భద్రతా ప్రతినిధిగా రిపోర్టు రాయడానికి నేను కాగితాలతో ఎదురుగా కూర్చున్నాను. ఆస్పత్రిలో ఆయన చెవులు కూడా పరీక్ష చేయించారు. చెవులు నిక్షేపంగా ఉన్నాయి. అదే ఆయన కొంప ముంచింది.

"చెవుల్లో లోపం లేదంటున్నారు" అన్నాడు మేనేజరు. "మైకు వినపడలేదా?"

"వినపడే ఉంటుంది."

"హారన్?"

"అదీ వినపడే ఉంటుంది."

"మరి?"

ఆర్వో చాలాసేపు ఆలోచించాడు. నిజం చెప్పడానికి తంటాలు పడేవాడి మొహం ఎలా ఉంటుందో నేనా రోజు చూశాను. చూసి కూడా గుర్తుపట్టలేదు. "నా దాకా రాలేదు" అన్నాడు చివరికి.

గార్త్ కుర్చీలో వెనక్కి వాలాడు. "చెవుల దాకా వచ్చిందట, ఆయన దాకా రాలేదట. మధ్యలో ఎక్కడ దిగిపోయిందో మరి!"

మేనేజరు నా వైపు తిరిగాడు. "గోతిలో చూశారా?"

"చూశాం" అంది నా నోరు. "మలుపు వెనక ఉండి ఉంటాడు. పిలిచాం కూడా."

ఆర్వో నన్ను చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ప్రొఫెసర్ చూశానంటే చూసే ఉంటాడు అన్నట్టు తలాడించాడు. నేను రిపోర్టు రాశాను. ఆయన్ని మళ్ళీ మిల్లులోకి రానివ్వలేదు. నలభై ఏళ్ళు పట్టిన సుత్తి ఒక అట్టపెట్టెలో వేసి ఇంటికి పంపారు. చక్రాన్ని సాన పట్టించగానే పగుళ్ళు ఆగిపోయాయి. సమస్య కనిపెట్టినందుకు గార్త్ ఫొటో నోటీసు బోర్డు మీద పెట్టారు.

కారినా ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకుంది. ఆస్పత్రిలో ఆర్వోకి కట్టు మారుస్తుంటే పక్కన నిలబడి చదివి, "ముప్పై నాలుగేళ్ళు నేను పిలిస్తే పలకలేదు. చావు పిలిచినా పలకలేదన్నమాట" అని మడత పెట్టి బ్యాగులో పెట్టుకుందని నర్సు ఊరంతా చెప్పింది. కట్లు విప్పేదాకా ఉంది. చలి తగ్గగానే థండర్ బే పట్నంలో తన అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిన రోజు నేను ఇంట్లో కూర్చుని చదువుకున్నాను. ఏం చదివానో గుర్తులేదు.

మూడేళ్ళు గడిచాయి. మూడేళ్ళూ నేను నాకు చెప్పుకున్నది ఇది: నేను దిగి చూసినా ఆయన పలికేవాడు కాదు. ఎంత చచ్చు మాటో చూడండి. దిగి చూస్తే పలకక్కర్లేదు, కనపడతాడు.

ఒకరోజు మా అక్క మిరేయ్ కారు చెడిపోతే, ఆమెనీ ఎనిమిదేళ్ళ కొడుకునీ పెద్ద ఊరి ఆస్పత్రికి నేను తీసుకెళ్ళాను. వాడు క్లాసులో కుదురుగా ఉండడని, ఏడీహెచ్‌డీ అనే శ్రద్ధ నిలవని లోపం ఉందేమో చూపించమని బడివాళ్ళు పంపారు. అక్క మండిపడుతూనే లోపలికి నడిచింది.

"శ్రద్ధ లేకపోవడమేమిటండీ వీడికి? బొమ్మ రైలు పట్టాలు వేస్తూ కూర్చుంటే ఆరు గంటలు కదలడు. ఉచ్చ పోసుకున్నా తెలీదు. వీడికి ఇష్టం లేనప్పుడే ఈ వేషాలన్నీ."

డాక్టరమ్మ రాసుకుంటున్న కలం ఆపింది. "ఆ ఆరు గంటలు కూడా అందులో భాగమేనమ్మా. చాలామంది దాన్ని చూసే, అబ్బే వీడికేం లేదు అనుకుంటారు. శ్రద్ధ తక్కువని కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తీసి ఇంకోచోట పెట్టాలో వీడి చేతిలో లేదు. మీరు పిలిచినప్పుడు మీ మాట కాదంటున్నాడనుకోకండి. చెవిలో పడినా లోపలికి వెళ్ళదు. అరవకండి. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యండి."

అక్క ఇంకా ఏదో వాదిస్తోంది. నేను లేచి బయటికొచ్చేశాను. ఆవిడ మా మేనల్లుడి గురించి చెబుతోంది, నాకు మాత్రం గోతిలో మోకాళ్ళ మీద ఉన్న ముసలాయన కనపడుతున్నాడు. భుజం మీద చెయ్యి. ఏ డాక్టరూ చెప్పకుండా కారినా తనంతట తానే కనిపెట్టిన వైద్యం అది. ఆమె దాన్ని అవమానం అనుకుంది. అనుకునేలా నేనూ ఒక మాట కలిపాను.

చదువుకున్నవాణ్ణని విర్రవీగిన నేను ఇన్నేళ్ళలో ఈ సంగతి ఒక్కసారి వెతికి చదవలేదు. ఆస్పత్రి వరండాలో పిల్లల తల్లులకి పంచే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం నిలబడి చదివాను. రెండుసార్లు. అందులో కొత్త విషయం ఏదీ లేదు. అన్నీ ఆర్వో గదిలో రోజూ చూసినవే. మేం వాటికి పెట్టిన పేర్లు వేరు, అంతే.

ఆ నెల యూనియన్ మీటింగులో లేచి నిలబడి చెప్పాను. గోతిలోకి దిగలేదని, దిగానని సంతకం పెట్టానని, ఆ "ఉద్దేశపూర్వకంగా" నా సొంత కవిత్వమని.

వెనక నుంచి ఒకడు, "ఇప్పుడెందుకురా ఇది? ముసలాడు ఎలాగూ మానేశాడు కదా" అన్నాడు.

"మానెయ్యలేదు. మాన్పించాం."

"అబ్బో. మూడేళ్ళు పట్టిందా ప్రొఫెసరుకి ఈ పాఠం?"

గార్త్ నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. లైల్ మాత్రం లేచి నా దగ్గరికి వచ్చాడు. "ఆ రోజు నెత్తురు కడిగింది నేను" అన్నాడు. "బకెట్ పట్టుకుని నీ పక్క నుంచే వెళ్ళాను. నువ్వు నాతో 'పాపం' అన్నావు. గుర్తుందా?" నేను తలూపాను. అతను కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

ప్రతినిధి పని నా నుంచి తీసేశారు. నాలుగు నెలల తర్వాత ఆఫీసువాళ్ళు రికార్డులో ఒక్క వాక్యం మార్చారు: "యంత్రం లోపల తనిఖీ జరగకుండానే తాళం తొలగించబడినట్లు తెలిసింది." ఎవరు తనిఖీ చెయ్యలేదో, ఎవరు తొలగించారో అందులో లేదు. అలాంటి వాక్యాలు ఎలా రాయాలో నాకూ తెలుసు.

ఆ కాగితం కాపీ, ఆస్పత్రి పుస్తకం తీసుకుని ఆర్వోని చూడ్డానికి వెళ్ళాను. ఫిబ్రవరి, శనివారం పొద్దున్న. ఆయన స్కేటింగ్ మైదానం పక్క గదిలో పిల్లల మంచు స్కేట్ల ఉక్కు అంచులకి పదును పెడుతున్నాడు. ఎడమ చేతికి తోలు తొడుగు, మిగిలిన రెండు వేళ్ళతో స్కేటుని నొక్కి పట్టుకుని, కుడి బొటనవేలు అంచు మీద జరుపుతూ, వెలుగుకి ఎత్తి చూస్తూ, మళ్ళీ రాయి మీద పెడుతున్నాడు.

గుమ్మంలో పిల్లల హాకీ కోచ్ గుండెలు బాదుకుంటున్నాడు. "ఆర్వో! ఆట మొదలై పది నిమిషాలైందయ్యా! మా గోల్‌కీపరు సాక్సులతో కూర్చున్నాడు!"

ఆర్వో ఉలకలేదు, పలకలేదు. కోచ్ నన్ను చూసి, "చూశావా, చెవిటి మాలోకం. పదును మాత్రం ఊళ్ళో ఇంకెవడూ ఇలా పెట్టలేడు, అదీ ఖర్మ" అన్నాడు.

నేను లోపలికెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఊపిరి తీసుకుని తిరిగాడు. కోచ్‌ని చూసి గాభరాగా స్కేట్లు చేతిలో పెట్టి, "అయ్యో, సారీ, సారీ" అన్నాడు. తర్వాత నన్ను గుర్తుపట్టాడు.

"ప్రొఫెసరా! స్కేట్లు తెచ్చావా?"

"లేదు. నీకో మాట చెప్పాలి."

"అయితే కూర్చుని చెప్పు."

కూర్చోకుండానే చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక, "గోతికి మెట్లు పన్నెండు కదా?" అన్నాడు.

"పన్నెండు."

"నువ్వెన్ని దిగావు?"

"ఒక్కటీ దిగలేదు."

కొలత రాసుకున్నవాడిలా తల పంకించాడు. ఆ కొలత నా మీద పడేస్తాడని చూశాను. పడెయ్యలేదు. తొడుగు తీసి, మొండి వేళ్ళని రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు: "ఆ హారన్ కలలో విన్నట్టు గుర్తు. ఇంకెవరి కోసమో మోగుతోందనుకున్నా. ఈ మూడేళ్ళూ ఒకటే ఆలోచన నాకు, కావాలనే పలకలేదేమోనని. నువ్వు అలా రాశావు కదా. పుస్తకాలు చదివేవాడివి, మనుషుల లోపల ఏముంటుందో నాకన్నా నీకే తెలుస్తుందనుకున్నా."

నా జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. ఏ తిట్టూ నన్ను ఇలా పట్టుకోలేదు. నేను ఏ మొహమాటమూ లేకుండా అల్లిన ఒక్క అబద్ధపు మాటని ఆ మనిషి మూడేళ్ళు తన గురించిన నిజంగా మోశాడు.

పుస్తకం, కాగితం ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు వెతుక్కున్నాడు, దొరకలేదు. అది నుదుటి మీదే ఉంది. నేను చూపించాను. చదివాడు. భుజం మీద చెయ్యి గురించి ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. తర్వాత రెండింటినీ మడిచి నా చేతికే తిరిగిచ్చి, నన్నొక పని చెయ్యమన్నాడు.

ఇప్పుడు జూన్. ఆ పని నేనింకా చెయ్యలేదు. థండర్ బే మూడు గంటల దారి. రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర కాఫీ తాగి వెనక్కొచ్చాను. అందుకే మళ్ళీ ఆయన్ని చూడ్డానికి వెళ్ళే మొహం లేదు. ఆ రోజు గుమ్మం దాకా నా వెంట వచ్చి ఆయన అన్నది ఇది:

"నేను చెబితే సాకు అంటుంది. నా సాకులు ముప్పై నాలుగేళ్ళు విన్న మనిషి. రాసింది నువ్వు కాబట్టి నువ్వే చెప్పు. నాకు చెప్పావు, మంచిదే, కానీ రేపటికి నేను మర్చిపోతాను, నా సంగతి నీకు తెలుసుగా. కారినా దగ్గరికి వెళ్ళు. నువ్వు రాసిందాంట్లో ఆమె ఒక్క అక్షరం కూడా మర్చిపోలేదు. ముందు ఫోన్ చెయ్యకు, నా పేరు వింటే పెట్టేస్తుంది. తిన్నగా వెళ్ళి తలుపు కొట్టు."